అత్తయ్య సంచిలో తెల్లచీర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా జ్వరం మాత్రం మా నానమ్మకు వచ్చేది. పొద్దున కాకినాడ వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే మనిషికి కూడా ఆవిడ రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, దారిలో తినడానికి జంతికలు మూట కట్టేది. వద్దంటే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. సరే అంటే ఆ మూట మోసేటప్పుడు మా నాన్నకు కళ్ళనీళ్ళు వచ్చేవి. యానాంలో మా ఫరంపేట వీధి చివర పెద్ద మూట కనిపిస్తే చాలు, దాని వెనకాల ఉన్నది మా ఇంటి మనిషేనని ముఖం చూడకుండానే చెప్పేసేవారు.

అలాంటి ఇంట్లో మా మేనత్త మాత్రం ఒక్క సంచితో తిరిగే మనిషి. ఆమె నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మావయ్య విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. ఏడుస్తూ కూర్చోకుండా పాండిచ్చేరి వెళ్ళి నర్సు చదువు చదివి, మా ఊరి ఆసుపత్రిలోనే ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగం తెచ్చుకున్నందుకు నానమ్మకు గర్వమే. కానీ బట్టల దగ్గర మాత్రం తల్లీకూతుళ్ళకు రోజూ యుద్ధమే. మావయ్య పోయిన ఏడే నానమ్మ అత్తయ్య ముదురు రంగు చీరలన్నీ ఎవరెవరికో పంచేసింది. పూలు లేవు, పేరంటాలు లేవు. ఎన్నో గొడవల మీద ఇద్దరికీ కుదిరిన రాజీ ఏమిటంటే, మామూలు రోజుల్లో వెలిసిపోయినట్టుండే లేత రంగులు కట్టుకోవచ్చు, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం తెల్లచీరే కట్టాలి. ఎంతైనా కూతురు కదా, సన్నని జరీ అంచు వరకూ నానమ్మ ఒప్పుకుంది.

"ఆసుపత్రిలో పొద్దస్తమానూ తెలుపే. బయటికెళ్ళినా తెలుపేనా అమ్మా" అని అత్తయ్య విసుక్కునేది. నానమ్మ వినిపించుకునేది కాదు.

ఒక వేసవిలో అత్తయ్యకు మాహే బదిలీ అయింది. యానాం, మాహే రెండూ పాండిచ్చేరి కిందివే కాబట్టి కాగితం మీద అది పక్క ఊరికి పంపినంత సులువు. నిజానికి మాది తూర్పు సముద్రం, మాహేది కేరళలో పడమటి సముద్రం. ముందు పాండిచ్చేరి వెళ్ళి అక్కడి ఆఫీసులో కనపడాలి. అక్కడినుంచి మాహే. దారిలో, నీలగిరి కొండల మీద కూనూరులో ఉంటున్న తన పాత స్నేహితురాలిని చూసి వెళ్ళాలని అత్తయ్య పట్టు. ఆడమనిషి ఒక్కతే అంత దూరం ఎలా వెళ్తుందని నానమ్మ పట్టు. నాన్నకు సెలవు దొరకలేదు. చివరికి తోడుగా నన్ను పంపారు. పదేళ్ళ పిల్ల ఎవరినుంచి ఎవరిని కాపాడుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. బడి తెరిచే ముందు నాన్న వచ్చి నన్ను తీసుకురావాలని అనుకున్నారు.

నా బట్టలు నానమ్మ ట్రంకుపెట్టెలో సర్దింది. గౌన్లు, పరికిణీలు, పండక్కి కుట్టించిన ఎర్ర పట్టు పరికిణీ, రెండు తువ్వాళ్ళు, ఒక బొంత, ఆవకాయ జాడీ. నాకు చాలా ఆనందంగా ఉంది. అత్తయ్య అంతా చూసింది. పెట్టె మూత వేసి, దాన్ని వీధి చివరి దాకా మోసుకెళ్ళి తీసుకురమ్మంది. అలా చేయగలిగితే మొత్తం తీసుకుపోవచ్చంది. నేను పెట్టెను గుమ్మం దాకా ఈడ్చి, అక్కడే దాని మీద కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"దార్లో నీ చెయ్యి నేను పట్టుకోవాలి. పెట్టె పట్టుకుంటే నిన్నెవరు పట్టుకుంటారే" అంది అత్తయ్య.

తర్వాత ఆమె నాకు రెండు నూలు గౌన్లు, ఒక పొడుగు చేతుల జాకెట్టూ పరికిణీ మాత్రం ఉంచింది. తనకు రెండు లేత రంగు వాయిల్ చీరలు. వాయిలైతే ఇట్టే ఆరిపోతుంది, మడిస్తే పిడికెడవుతుంది. అన్నీ ఒకదానిమీద ఒకటి వేసుకోవడానికి వీలుగా ఉండాలంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త ఊళ్ళు చూడబోతూ ఈ పాత గౌన్లేమిటి? నానమ్మ ఇంకా ఎక్కువ మండిపడింది. తెల్లచీర తెచ్చి అత్తయ్య సంచిలో కుక్కింది.

"ఊరుకానూరు ఎల్తున్నావు. నలుగురిలోకీ ఇదే కట్టుకో. మా మాట దక్కించు."

అత్తయ్య ఒక నిట్టూర్పు విడిచి సంచి తాడు బిగించింది.

సామర్లకోటలో రైలెక్కి మద్రాసు మీదుగా పాండిచ్చేరి చేరేసరికి ఎండకు నా గౌను ఒంటికి అతుక్కుపోయింది. అక్కడ స్నానం చేసి బట్టలు మార్చుకుందామని అత్తయ్య సంచి విప్పితే అడుగున ఎర్ర పట్టు పరికిణీ. నానమ్మ ఎప్పుడు దూర్చిందో దేవుడికెరుక. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్య నెత్తి పట్టుకుంది. పట్టుబట్టను పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఇక దారి పొడుగునా, సంచి ఎత్తిన ప్రతిసారీ, "మా అమ్మ బరువు" అని గొణుక్కుంటూనే ఉంది.

కూనూరులో నాకు జీవితంలో మొదటిసారి చలి అంటే ఏమిటో తెలిసింది. మా యానాంలో చలంటే సంక్రాంతి ముందు రెండు దుప్పట్లు కప్పుకోవడమే. ఇక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. నా వయసు పిల్లలు ఎర్ర స్వెట్టర్లు, ఉన్ని టోపీలు పెట్టుకుని ఎగురుతుంటే నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. అత్తయ్య నన్ను ఒక మూలకు తీసుకెళ్ళి ముందు జాకెట్టు తొడిగింది. పాత వార్తాపత్రిక ఒకటి మడిచి దాని మీద వీపుకీ రొమ్ముకీ అడ్డం పెట్టి, పైన రెండు గౌన్లూ వేసింది. కింద పరికిణీ కట్టింది. ఆఖరున తెల్లచీర నాలుగు మడతలు పెట్టి నాకు శాలువాలా చుట్టేసింది. వెచ్చగా ఉన్న మాట నిజమే. కానీ నడిస్తే కాగితం చప్పుడయ్యేది. ఆ పిల్లలు నన్ను చూసి కిసుక్కుమన్నారు. చాకలి రేవునుంచి తప్పిపోయి వచ్చిన మూటలా ఉన్నానని నాకే తెలుసు. ఒక్క స్వెట్టరు కొనమని ఏడ్చాను. వారం తర్వాత అది ఏ పనికొస్తుందో చెప్పమంది అత్తయ్య. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

స్నేహితురాలిని చూసుకుని కొండ దిగి, బస్సుమీద బస్సు మారుతూ కేరళలోకి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. మా ఊరి వాన వచ్చి, అల్లరి చేసి వెళ్ళిపోతుంది. ఇది కాపురానికి వచ్చిన వాన. సంచి బస్సు పైన కట్టారు. నేను తెల్లచీర చుట్టుకుని లోపల నిద్రపోయాను. మాహేలో దిగి, మాకోసం చూసి ఉంచిన గదిలో సంచి విప్పితే, పట్టు పరికిణీ రంగంతా దిగి సంచిలోని వాయిల్ చీరకూ, తడి సంచి మోసుకొచ్చిన అత్తయ్య ఒంటిమీది చీరకూ ఎర్రగా పట్టేసింది. అత్తయ్య ఉతికింది, నిమ్మకాయ రుద్దింది, మళ్ళీ ఉతికింది. మరకలు కొంచెం పెద్దవయ్యాయి తప్ప పోలేదు. రంగు దిగని మంచి పట్టని నానమ్మకు నమ్మకంగా చెప్పిన కొట్టువాణ్ణి ఆ రోజంతా తిట్టింది. ఆసుపత్రిలో యూనిఫాం ఇచ్చారు కాబట్టి ఉద్యోగానికి ఇబ్బంది లేకపోయింది. ఇంట్లో మాత్రం ఆ ఎర్ర మచ్చల చీరలే కట్టుకుని తిరిగేది.

మా గది ఉన్న ఇంటి ఆవిడ లావుపాటి మనిషి, ఎప్పుడూ పరుగుమీదే ఉండేది. అత్తయ్యను సిస్టర్ అని పిలిచేది. ఆవిడ మలయాళం మాట్లాడితే అత్తయ్య తనకొచ్చిన అరవంతో నెట్టుకొచ్చేది. మేం దిగిన కొద్ది రోజులకే ఆవిడ కూతురి పెళ్ళి. మమ్మల్ని తప్పకుండా రావాలంది. అత్తయ్య ఏదో చెప్పి తప్పించుకోబోయింది. పెళ్ళిరోజు పొద్దున ఆవిడే వచ్చి తలుపు తట్టి, ఇంకా తయారవలేదా అని కోప్పడి వెళ్ళింది.

తలుపు వేసి అత్తయ్య మంచం మీద కూర్చుంది. పెళ్ళికి వెళ్ళి ఆమెకు ఎన్నేళ్ళయిందో. వెళ్ళినా కట్టుకోవడానికి మచ్చల్లేని చీర ఒక్కటే ఉంది. అది కట్టుకుని మా ఊళ్ళో పెళ్ళిపందిట్లోకి వెళ్తే ఎదురుగా వచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఆ సంగతి పదేళ్ళదాన్ని నాకూ తెలుసు. చివరికి, ఒక మూల నిలబడి పిల్లను దీవించి వచ్చేద్దాం అంది. కూనూరులో నాకు చుట్టిన ఆ చీరే ఉతికి ఉంది. అది కట్టుకుంది. నేను ముడతలు పడి బిగుసుకుపోయిన పట్టు పరికిణీ వేసుకున్నాను. తడి వాసన ఇంకా వస్తూనే ఉంది.

కొబ్బరాకుల పందిట్లో అడుగుపెట్టి నేను ఆగిపోయాను. పందిరి నిండా ఆడవాళ్ళు. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, చంటిపిల్లల తల్లులు. ఎవరిని చూసినా తెలుపే. జరీ అంచు తెలుపు. అత్తయ్య చెయ్యి లాగి, వంగమని చెవిలో అడిగాను.

"అత్తయ్యా, ఈళ్ళందరికీ మావయ్యలు చచ్చిపోయారా?"

అత్తయ్య నా వంక చూసింది, పందిరి వంక చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మావయ్య పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. ఇక్కడ శుభకార్యానికి కట్టేది ఇదేనటే పిచ్చిదానా, అంది తర్వాత. ఆమె కూడా అప్పుడే, అటువైపు నిలబడ్డ ఒక ముసలమ్మను అడిగి తెలుసుకుంది.

మేం మూల వెతుక్కునేలోపే ఇంటావిడ మల్లెదండలు చేతికి వేసుకుని వచ్చేసింది. వచ్చిన ఆడవాళ్ళందరికీ వరసగా తలలో పెట్టుకొస్తోంది. అత్తయ్య ఒక అడుగు వెనక్కు వేసింది. ముఖం ఎర్రబడింది. తనకు భర్త లేడని, తనకు పెట్టకూడదని, అరవంలో నెమ్మదిగా చెప్పింది. నాకు మాట అర్థం కాకపోయినా చెప్తున్నదేమిటో తెలిసింది. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ముఖంలో జాలి కనిపించలేదు, విసుగు కనిపించింది. ఏదో గబగబా అంది. ఆవిడన్నదేమిటో అత్తయ్య తర్వాత నాకు ఎన్నోసార్లు చెప్పింది.

"నాకివాళ సవాలక్ష పనులున్నాయి సిస్టర్. తల వంచు."

అత్తయ్య తల వంచింది.

ఆ మధ్యాహ్నం అరిటాకు ముందు, రెండో వరసలో, అందరి మధ్యా కూర్చుని అత్తయ్య భోజనం చేసింది. ఎవరూ పక్కకు జరగలేదు. ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు కూడా. నాకు ఆ రోజు పాయసం కంటే అదే గుర్తుండిపోయింది.

బడి తెరిచే ముందు నాన్న వచ్చి నన్ను యానాం తీసుకొచ్చాడు. నానమ్మ వాకిట్లో చేపలు తోముతూ నన్ను ఒక్కొక్కటే అడిగింది. పరికిణీ సంగతి చెప్తే కొట్టువాడి మీద ఎగిరింది. స్వెట్టరు సంగతి చెప్తే, బొంత తీసుకెళ్ళి ఉంటే ఆ బాధ ఉండేది కాదు కదా అంది. పెళ్ళి సంగతి చెప్పేటప్పుడు మాత్రం చేతిలో చేప అలాగే ఉండిపోయింది. పూలు పెట్టించుకుందా అని అడిగింది. పెట్టించుకుందన్నాను. ఎవరూ ఏమీ అనలేదా అని మళ్ళీ అడిగింది. లేదన్నాను. ఆవిడ చేపలు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. తిడుతుందనుకున్న నాకు అదేదో వింతగా అనిపించింది.

దసరా సెలవులకు నాన్న ఒక్కడే మాహే బయలుదేరాడు. ఎప్పటిలాగే పెద్ద మూట. ఎప్పటిలాగే నాన్న విసుక్కుంటూ దాన్ని విప్పి సగం తగ్గించబోయాడు. జంతికల డబ్బాకూ ఆవకాయ జాడీకీ మధ్య ఒక కొత్త చీర ఉంది. ముదురు నేరేడుపండు రంగు. నాన్న దాన్ని చేత్తో పట్టుకుని నానమ్మ వంక చూశాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు.

"అది వానలూరంట కదా. ముదురు రంగైతే మరకలు కనపడవు. మడిచి పెట్టు."

నాన్న మడిచి పెట్టాడు. ఆ రోజు మూటలోంచి ఏమీ తగ్గించలేదు.

తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఎండ, చలి, వాన గురించి నాకెప్పుడూ పెద్ద బెంగ లేదు. ఒకదానిమీద ఒకటి తొడుక్కుంటేనో, పిండి ఆరేసుకుంటేనో అవి గడిచిపోతాయి. చక్రాల పెట్టెల్లో ఒక్కో పూటకు ఒక్కో జత కుక్కుకునే నా మనవరాళ్ళకు ఈ ముక్క చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, వాళ్ళు వినరు, నేను మానను. కానీ అత్తయ్యతో వెళ్ళిన ఆ పెళ్ళినుంచి నేను తెచ్చుకున్నది సర్దుడు విద్య ఒక్కటే కాదు. నా ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళలోనూ పూలబుట్ట నేనే పట్టుకున్నాను. వచ్చిన ఏ ఆడమనిషి దగ్గరా ఆగి, ఆమె చీర ఏ రంగో, మెడలో ఏముందో చూడలేదు. వెనక్కి అడుగు వేసినవాళ్ళతో ఓదార్పు మాటలు కూడా చెప్పలేదు. నాకు చాలా పనులున్నాయి, తల వంచమన్నాను.