ఐదు సీట్లకు ఒక నీరుగంటి

మా ఆఫీసు తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక వీధిలో, టైర్ల అంగడి మీది మేడలో ఉండేది. బెంగళూరులో కట్టే ఇళ్ళకీ అపార్టుమెంట్లకీ ఇక్కడ కూర్చొని కంప్యూటర్లో ప్లాన్లు గీసి పంపడం మా పని. నాతో కలిపి ఎనిమిది మందిమి. పాలిటెక్నిక్ ముగించిన ఏడాదికి నేను అక్కడ చేరాను. మొదలాళి, అంటే ఆఫీసు యజమాని, మాకు దూరపు చుట్టం. ఇంటికి వస్తే మామ, ఆఫీసులో సార్. ఆ రెండు పిలుపుల మధ్య ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో!

అప్పటిదాకా మేము వాడిన సాఫ్ట్‌వేరు ఎవరో ఇచ్చిన దొంగ సీడీలోది. దాన్నే అన్ని మిషన్లలోనూ ఎక్కించుకున్నాం. తప్పని ఎవరికీ తోచలేదు, సీడీ ఇచ్చినాయన చాలా మంచాయన అని మాత్రం అందరం అనుకునేవాళ్ళం. ఒకరోజు బెంగళూరు కంపెనీ మనిషి వచ్చి కాఫీ తాగి, మిషన్లన్నీ చూసి, మెట్లు దిగుతూ ఒకే మాట అన్నాడు. అసలు లైసెన్సు లేని చోటికి ఇకమీదట పని పంపరట. మొదలాళి ముఖం మాడిపోయింది. ఎనిమిది కొనడానికి చెయ్యి రాక ఐదు కొన్నాడు. ఒక్కో లైసెన్సుని ఒక సీటు అంటారు. ఆ ఐదూ ఒక్కో మిషన్‌కి కట్టేసినవి కావు. ఆఫీసు సర్వర్లో ఉమ్మడిగా ఉంటాయి. ఎవరు సాఫ్ట్‌వేరు తెరిస్తే వాళ్ళకి సర్వరు ఒకటి ఇస్తుంది, మూస్తే వెనక్కి తీసుకుంటుంది. ఐదూ పోయాక ఆరోవాడు వస్తే లేదు పొమ్మంటుంది.

ఇంగ్లీషు మాన్యువల్ చదివే ఓపిక నాకే ఉందని ఆ సర్వరు పని నా నెత్తిన పెట్టారు. లైసెన్సు ఫైలును సర్వర్లోని నెట్‌వర్కు కార్డు నంబరుకి ముడిపెట్టి ఇస్తారు. అందులో ఒక్క అక్షరం తప్పినా ఫైలు పనికిరాదు. కింద టైరుకి గాలి పట్టే మోటారు మోగుతుంటే, నేను ఫోన్లో ఆ నంబరు ఒక్కో అక్షరం గొంతు చించుకొని చెప్పాను. వచ్చిన మొదటి ఫైలు తప్పు, రెండోదీ తప్పే. కొన్న డబ్బంతా గాల్లో కలిసిందని మొదలాళి నా కుర్చీ వెనకే నిలబడి గొణుగుతున్నాడు. మూడో ఫైలుకి సర్వరు ఐదు సీట్లూ చూపించింది. ఆయన వెంటనే సర్వరుకి కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించాడు. నాకు ఒక మంచి మాట అన్నా చెప్పలేదు.

మాది నల్లంపల్లి దాటాక పల్లె. ఇంటికి పోయి ఈ ఏర్పాటంతా నాయనకి చెప్పాను.

"అంటే చెరువు కింద మడులకి నీళ్ళు వదిలేటట్ల గదా," అన్నాడు నాయన. "నువ్వు నీరుగంటివి అయితివి పో."

మా చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసే మనిషి నీరుగంటి. ఆయనకి ఆ చెరువు కింద జానెడు మడి కూడా ఉండకూడదని ఊరి కట్టుబాటు. ఉంటే నీళ్ళ మడవ ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా?

"అయితే నీకూ ఒక మడి ఉండాదే అక్కడ," అని నాయన నన్ను ఆటపట్టించాడు.

"ఉండాది నాయనా. సర్వరు పక్కనే," అన్నాను నేనూ నవ్వుతూ.

నిజమే. సర్వరు చూసుకుంటున్నందుకు ఒక సీటు ఎప్పుడూ నాకే అని మొదలాళి అందరి ముందే చెప్పాడు. ఎవరూ కాదనలేదు. నేనూ వద్దనలేదు. గీయడమంటే నాకు ప్రాణం. అందులోనూ మెట్లు. ఎక్కే మనిషి మోకాలు ఎక్కడ వంగుతుందో, మలుపులో తల ఎక్కడ తగులుతుందో తలుచుకుంటూ ఒక్కో మెట్టు గీస్తుంటే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు.

మిగిలిన నాలుగు సీట్లకి ఏడుగురు. మా ఊళ్ళలో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పడతారు కదా, ఇక్కడా అదే మొదలైంది. పొద్దున్నే వచ్చి సాఫ్ట్‌వేరు తెరిచి పెట్టి టీకి పోతారు, టిఫినుకి పోతారు. గీసినా గీయకపోయినా సీటు వాళ్ళదే. ఈ విద్యలో మొదటి స్థానం మాలో వయసులో పెద్దవాడిది, పెద్దాయన అనేవాళ్ళం. ధర్మపురి టౌనులోనే ఇల్లు, నుదుటి నిండా విబూది, డ్రాయింగ్ బల్లల కాలం నుంచీ గీస్తున్న చెయ్యి. మొదట వచ్చేదీ ఆయనే, చివర పోయేదీ ఆయనే.

అందరికంటే ఆలస్యంగా వచ్చేది అక్క. సొంత అక్క కాదు. ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. మహేంద్రమంగళం నుంచి పాలక్కోడు వచ్చి, అక్కడ బస్సు మారి రావాలి. దానికి ముందు ఆవుల్ని పిండి పాలు పోసి రావాలి, బిడ్డని బడికి తయారు చెయ్యాలి. భర్త హోసూరు ఫ్యాక్టరీలో, ఆదివారానికే ఇంటికి. అందుకని ఇంటి తాళాలు, బీరువా తాళం, పశువుల కొట్టం తాళం అన్నీ ఒక గుత్తిగా చేతిలో పట్టుకొని మెట్లెక్కేది. గుత్తి బల్ల మీద పెట్టి సాఫ్ట్‌వేరు తెరిస్తే, లైసెన్సు లేదు పొమ్మని వచ్చేది.

"మళ్ళీ లేదంటా ఉండాదే," అనేది. ఆ మాట నా వీపుకి తగిలేది.

ఇంతలో మొదలాళి ఒక బాంబు పేల్చాడు. దీపావళి లోపల తమ వంతు ప్లాన్ షీట్లు ముగించనివాళ్ళు పండగ తర్వాత రానక్కర్లేదన్నాడు. సీట్లు చాలడం లేదని ఎవరో అంటే, ముగించేవాళ్ళు ముగిస్తూనే ఉన్నారు కదా అన్నాడు. ఆ రోజు బస్టాండుకి నడుస్తుంటే అక్క గుత్తి గట్టిగా పట్టుకొని ఉంది.

"డిప్లమో చదివినాను. దానికి దొరికింది ఈ ఒక్క పనే," అంది. "ఇదీ పోతే మళ్ళీ టమాటా కోతకే పోవల్ల. అత్త కాచుకోనే ఉండాది, చదువు ఏమి పెట్టింది అని అడిగేదానికి."

నాకు ఒళ్ళు మండింది. మరుసటి రోజు మాన్యువల్ ముందేసుకొని కూర్చున్నాను. కాసేపు ఎవరూ ముట్టుకోని సీటును సర్వరు తానే వెనక్కి లాక్కునే ఏర్పాటు అందులో ఉంది. మొదలాళికి చెప్పి, అందరికీ చెప్పి, దాన్ని పెట్టాను. టీకి పోయినవాళ్ళు తిరిగి వచ్చేసరికి సీటు ఉండేది కాదు. ఆ వారం అక్క రెండు షీట్లు ముగించింది. నేను కాలరెగరేసుకొని తిరిగాను.

ఎన్నాళ్ళు? ఒకరోజు పెద్దాయన టీకి పోయి ఎంతసేపైనా ఆయన సీటు వెనక్కి రాలేదు. లేచి పోయి చూస్తే, కీబోర్డు మూల ఎస్కేప్ మీట మీద ఆయన ఇత్తడి విబూది డబ్బా కూర్చొని ఉంది. మీట నొక్కుకుపోయి ఉంటే, మనిషి పని చేస్తూనే ఉన్నాడని సర్వరు నమ్ముతోంది! ఎత్తుకు పైయెత్తు అంటే ఇదే. కోపంతో డబ్బా ఎత్తి పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"విబూది డబ్బా ఎందుకు ముట్టుకున్నావు?" అని తమిళంలో అరిచాడు.

"మీట మీద ఎందుకు పెట్టారు?" అని నేనూ అరిచాను.

ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతే ఎక్కువ తగిలింది. "మా సీట్లు లాక్కుంటావు. నీ సీటు ఎవరు లాక్కుంటారమ్మా? దానికి డబ్బా కూడా అక్కర్లేదు కదా."

వెనక్కి తిరిగి వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

దీపావళి దగ్గర పడ్డాక మొదలాళి నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. ఇంజనీరింగు సగంలో ఆపేసిన ఆయన మేనల్లుడు సోమవారం నుంచి పని నేర్చుకోవడానికి వస్తాడట.

"ఒక సీటు వాడి పేర రాసి పెట్టమ్మా. ఎవురూ ముట్టుకోకూడదు."

అట్లా రాయడం కుదురుతుంది. ఒకరి పేర రాస్తే ఆ సీటు సర్వరు ఇంకొకరికి ఇవ్వదు. "మరి మిగతావాళ్ళకి మూడే అవుతాయి మామా," అన్నాను. కంగారులో ఆఫీసులోనే మామ అనేశాను.

"ఒక లైసెన్సు చెడిపొయ్యింది అని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

నాలుగు మూడైతే మొదట పోయేది అక్కే. ఆమెకి ఇంకా ఒక్క షీటు ఉంది, అది కూడా పెద్దది. కుదరదు అంటే రేపు నాయన దగ్గరికి మాట పోతుంది, చుట్టరికం చెడుతుంది, నా పనీ పోవచ్చు. సరే అంటే, చెడిపోయిందని రోజూ అక్క ముఖం చూస్తూ అబద్ధం చెప్పాలి. ఆయన బల్ల మీద ఉన్న స్టాప్లర్‌ను చూస్తూ నిలబడ్డాను.

"నా సీటు ఇయ్యండి ఆ అబ్బాయికి," అన్నాను.

"నువ్వేం చేస్తావు?"

"సర్వరు చూసుకుంటాను. వచ్చిన ప్లాన్లలో తప్పులు దిద్దుతాను. గీయను."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా పని జరిగిపోతోంది మరి. బయటికి వచ్చి నేను గీస్తున్న మెట్లని సగంలో సేవ్ చేసి మూశాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

సోమవారం మేనల్లుడు వచ్చి నా మిషన్ ముందు కూర్చున్నాడు. నేను సర్వరు పక్క చిన్న బల్లకి మారాను. నాకు ప్రమోషన్ వచ్చిందనుకున్నారు అందరూ.

"నీకేమమ్మా, గీసే బాధే లేదు, సుమ్మా ఊరికే కూర్చొని చూసే పని," అని అక్క కూడా నవ్వింది. అవునన్నాను.

పండగకి ముందు ఆఖరి పనిదినాలు. ఒక మధ్యాహ్నం పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన షీటు ఒకటి సాయంత్రం బెంగళూరుకి పోవాలి, సీటు లేదు. "ఏదన్నా ఖాళీ ఉందా చూడు," అన్నాడు. చూశాను. ఐదూ నిండి ఉన్నాయి. తల తిప్పి చూస్తే అక్క కుర్చీ మాత్రం ఖాళీ. బిడ్డకి పండగ గుడ్డలు తెస్తానని ఎప్పుడో దిగి పోయింది. లేచి ఆమె మిషన్ దగ్గరికి పోయాను. ఎస్కేప్ మీట మీద తాళాల గుత్తి.

పెద్దాయన నా వెనకే వచ్చాడు. చేతులు కట్టుకొని నిలబడి, ఇప్పుడేం చేస్తావో చూస్తానన్నట్టు చూశాడు. ఆ క్షణంలో నాకు అక్క మీద వచ్చినంత కోపం ఆయన మీద ఎన్నడూ రాలేదు. దీని కోసమా నేను గీత మానుకున్నది? గుత్తి తీసి పక్కన పెట్టాను. ఆమె గీసిందంతా సేవ్ చేసి మూశాను. "పోయి తెరవండి సార్," అన్నాను పెద్దాయనతో.

అక్క గుడ్డల సంచితో వచ్చి స్క్రీన్ చూసి నిలబడిపోయింది.

"నా సీటు ఎవురు తీసినారు?"

"నేనే అక్కా. గుత్తి పెట్టి పోయినావు. వంతు వచ్చినప్పుడు ఇస్తాను."

"షీటు ముగియకుంటే నా పని పోతాది. తెలుసు గదా నీకు?" గుడ్డల సంచి బల్ల మీద పడేసింది. "వాళ్ళూ నేనూ ఒకటేనా నీకు?"

నీ కోసమే నా సీటు పోగొట్టుకున్నానని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. చెప్పి ఉంటే ఆమె పక్షం నేనేనని ఒప్పుకున్నట్టయ్యేది, ఆ గుత్తి రోజూ మీట మీదే ఉండేది, తీసే హక్కు నాకు ఉండేది కాదు. సాయంత్రం అక్క నా కోసం ఆగకుండా ఒక్కతే బస్టాండుకి పోయింది.

మరునాడు ఆమె వచ్చేసరికి మళ్ళీ సీట్లన్నీ నిండి ఉన్నాయి. మిషన్ దగ్గరికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి, గుత్తి నా బల్ల మీద పెట్టింది.

"పెద్దాయన చెప్పినాడు నిన్న, మెట్ల మీద," అంది. "ఆ పిల్లోడు కూచోనుండేది ఎవురి సీటో. ఐదు ఐదే ఉండాయి, నీది ఇచ్చేసి మా నాలుగూ నిలిపినావని ఆయనే లెక్క కట్టినాడు."

నేను గుత్తిని ఆమె వైపు జరిపాను.

"గుత్తి నీ దగ్గరే ఉండనీ. నా దగ్గర ఉంటే చెయ్యి ఊరుకోదు." అని, కుర్చీ లాక్కొని నా పక్కనే కూర్చుంది, వంతు కోసం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కాసేపటికి పెద్దాయన తన సాఫ్ట్‌వేరు మూసి, విబూది డబ్బా జేబులో వేసుకొని, మా వైపు చూడకుండా టీకి దిగిపోయాడు. సర్వర్లో ఒక సీటు ఖాళీ అయింది. "పో అక్కా," అన్నాను. చీకటి పడేలోపు ఆమె షీటు ముగించింది.

పండగ తర్వాత ఆఫీసు తెరిచిన రోజు అక్క అదే బస్సుకి, అంతే ఆలస్యంగా వచ్చింది. గుత్తి నా బల్ల మీద పెట్టి పోయి కూర్చుంది. ఆ వెనకే మేనల్లుడు, నా పాత మిషన్ దగ్గర నుంచి, మలుపులో మెట్లు ఎట్లా గీయాలక్కా అని నన్ను చూసి కేక వేశాడు. లేచి పోయి వాడి కుర్చీ వెనక నిలబడ్డాను. చెయ్యి మౌస్ మీదికి పోతుంటే వెనక్కి లాక్కొని, ఒక్కో మెట్టూ నోటితోనే చెప్పాను.