గుట్ట కింద పగిడయ్య కాంటా

పగిడయ్య తన కంట పడిన దేన్నీ తూచకుండా వదలడు. మనుషులు, మూటలు, పనసకాయలు, కొత్త అల్లుళ్ళు, అన్నీ ఆయన దృష్టిలో ఇంకా కాంటా ఎక్కని సరుకే. మణుగూరు గనుల దగ్గర బొగ్గు లారీలు తూచి తూచి రిటైరైన మనిషి. లారీలు దూరమయ్యాయి గానీ తూనిక దూరం కాలేదు.

మా రేగులగుట్ట విమానాశ్రయం నుంచి ప్రయాణం చేయదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది ఈయన గురించే. గుట్ట ఎక్కే రోడ్డు మలుపులో ఆయన టీకొట్టు, దాని ముందు పాత ఇనుప కాంటా. పైకి పోయే ప్రతి ఆటో అక్కడ ఆగుతుంది. ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. ఆగకుండా పోయిన డ్రైవరుకు ఆ తర్వాత అక్కడ టీ పుట్టిన దాఖలా కూడా లేదు.

గుట్ట మీది రన్‌వే పొట్టిది, దిగే విమానం చిన్నది. అందుకని పైన మనుషుల్నీ సామాన్లనీ కలిపి తూస్తారు. విమానం మోయగల మోత మించితే చివర వచ్చినవాళ్ళ సామాను దింపేస్తారు. వాన పడి రన్‌వే తడిస్తే మోత ఇంకా తగ్గిస్తారు. ఇది విమానం వారి నియమం. దాన్ని గుట్ట కిందనే అమలు చేయడం మాత్రం పగిడయ్య స్వయంగా స్వీకరించిన బాధ్యత.

నేలను ఊడ్చే పంచెతో కాంటా పక్కన నిలబడి, "ఎక్కుండ్రి సార్" అంటాడు. ఎక్కాక ముల్లు చూసి, ఎక్స్‌రే చూసిన డాక్టరులా పెదవి విరుస్తాడు. "మొన్నటికంటే పెరిగిండ్రు. పెండ్లిళ్ళకు గిట్ల పోయిండ్రా?"

మనిషి అయ్యాక సంచి. ప్రతి సంచిలోంచీ ఏదో ఒకటి తీయించందే ఆయనకు తృప్తి ఉండదు. ఆ లోగా ప్రయాణ సూచనలు ఉచితం. గుట్ట నెత్తి మీద మబ్బు ఉంటే విమానం రాదు కాబట్టి టీ తాగాలి. మబ్బు లేకపోతే విమానం వచ్చేస్తుంది కాబట్టి జల్దీగా తాగాలి. కిటికీ సీటు కోసం కొట్లాడకూడదు, ఏ కిటికీలోంచి చూసినా అదే అడవి.

తీయించిన సామాను మర్నాడు ఆటోలో ఎవరింటికి వారికి చేరుతుంది, పచ్చడి తప్ప. ఈ సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. హైదరాబాదులో ఉన్న మా యశోదక్కకు నేను బయల్దేరదీసిన గోంగూర పచ్చడి జాడీ ఏనాడూ ఆ మలుపు దాటలేదు. ఇంట్లో తూచుకుంటే సంచి తేలిగ్గానే ఉండేది. ఆ మాటే అడిగాను.

"ఇంట్ల కాంటా ఇంటోళ్ళ మాట వింటది సార్" అన్నాడు పగిడయ్య, జాడీ తీసి పక్కన పెడుతూ.

తిరుగు ప్రయాణంలో ఆయన భార్య పిచ్చమ్మ కడిగిన జాడీ చేతికిచ్చింది. "ఉప్పు జర ఎక్కువైంది సార్" అంది, నేనేదో అభిప్రాయం అడిగినట్టు.

మొన్న వానాకాలంలో హైదరాబాదు రోడ్డు మీద వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. విమానమే దిక్కు. మేమంతా కాంటా దగ్గర వరుసలో ఉండగా ఆఖరి ఆటోలో కొండమ్మ దిగింది. చర్ల అవతలి అడవి పల్లెలో ఆమె ఇల్లు. బక్క ప్రాణం, తలమీద తనంత మూట. నగరంలో ఉన్న కూతురికి కాన్పయిందట, టికెట్టు అల్లుడు పంపాడట. మూటలో సామబియ్యం, బాలింతకని ఇంట్లో దంచిన కాయం, ఎండుచేపలు.

వరుస చూడకుండా ఆమె మూటనే ముందు కాంటా మీద పెట్టి, పగిడయ్య ముల్లునూ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"బిడ్డకు ఆడి తిండి సయిస్తలేదు అయ్యా" అంది కొండమ్మ. "ఈ మూట పోకుంటే నేను గూడ పోను. ఉత్త చేతులతోటి పోయి ఏం జెయ్యాలె?"

నా ఎరుకలో మొదటిసారి, పగిడయ్య ఒక మూటలోంచి ఏమీ తీయించలేదు. దాన్ని ఆటోలో పెట్టించి, మా వైపు తిరిగాడు.

ఆ రోజు ఆ ముల్లు ఎగిరినట్టు ఎన్నడూ ఎగరలేదు. ఇంజనీరు వీరేందర్ రెండు సూట్‌కేసుల్లో ఒకటి కిందే ఉండిపోయింది. నిర్మలాదేవి గారి ఇత్తడి గంగాళం ఆగిపోయింది. ఇద్దరూ ఇంట్లో తూచుకునే వచ్చారు, ఆ మాటే గట్టిగా చెప్పారు. పగిడయ్య ముల్లు చూపించాడు. ముల్లుతో ఎవరు వాదిస్తారు?

నా వంతు వచ్చింది. సంచిలోంచి జాడీ తీయడానికి వంగాను. పంచె అంచు కింద, కాంటా పలక మీద ఆయన కుడికాలి బొటనవేలు గట్టిగా నొక్కుతూ కనిపించింది.

తలెత్తాను. పగిడయ్య నా వైపే చూస్తున్నాడు. వేలు మాత్రం తీయలేదు.

"ఇంకేమన్న ఉన్నయా సార్?" అన్నాడు మెల్లగా.

వెనక వీరేందర్, కాంటా చెడిపోయిందేమో చూడమని నన్ను అడుగుతున్నాడు. కొండమ్మ ఆటోలో మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"కాంటాకేం, బాగానే ఉంది" అన్నాను. "నాదే బరువు." జాడీతో పాటు రెండు లావుపాటి నిఘంటువులు కూడా తీసి బల్ల మీద పెట్టాను.

గుట్ట మీద విమానం ఉద్యోగి ప్రభాకర్ అందర్నీ తూచి, చివర కొండమ్మనూ మూటనూ తూచి, లెక్క కూడి, తలూపాడు. మూట ఎక్కింది. విమానం లేచేసరికి ఎండుచేపల వాసన ముందు సీటు దాకా వచ్చి, అందరినీ పేరుపేరునా పలకరించింది.

కొండమ్మ నా పక్కనే కూర్చుంది. కాసేపు కిందికి చూసి, నా వైపు వంగింది. "ఆ పంచె ఆయన మంచోడే సారూ, పాపం తూకమే రాదు. నా మూటల ఒక్కటి గూడ తీపియ్యలే."

ఇప్పుడు అక్కకు పచ్చడి బస్సులో పంపుతున్నాను. అయినా గుట్టకు పోయేటప్పుడు జాడీ ఒకటి సంచిలో పైపైనే పెట్టుకుంటాను. కాంటా ఎక్కి, పంచె అంచు వైపు చూడకుండా, గుట్ట మీది మబ్బును శ్రద్ధగా పరిశీలిస్తాను. పగిడయ్య పెదవి విరిచి జాడీ తీస్తాడు. కొత్త ప్రయాణికులకు కూడా నేనిచ్చే సలహా ఇదే.

పోయినసారి జాడీ తిరిగిస్తూ పిచ్చమ్మ అంది: "ఈసారి ఉప్పు కుదిరింది సార్. కారం జర పెంచుండ్రి."