ఎర్రగీతకు చదువు చెప్పిన బాబాయిగారు

టైపు బాబాయిగారికి తెర మీద ఎర్రగీత కనబడకూడదు. కనబడిందో, తాగుతున్న టీ పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, దాని అంతు చూసేదాకా కుర్చీలోంచి లేవరు. ఆ అంతు చూడటం వల్లే నిఘంటువు పని ఈ జన్మకు పూర్తికాదని ఎడిటరమ్మ ఖాయం చేసుకుంది.

ఆయన పనితనానికి మాత్రం వంకపెట్టలేం. వాళ్లు చేస్తున్నది లిపి లేని, బహు కొద్దిమంది మాట్లాడే ఒక భాషకు నిఘంటువు. ఆ భాషలో అచ్చులు మామూలు అక్షరాలకు లొంగవు. వాటికి వేరే గుర్తులున్నాయి. ఒకటి ఇంగ్లీషు ‘e’ అక్షరాన్ని తలకిందులుగా నిలబెట్టినట్టుంటుంది, ఇంకొకటి నెత్తిన రెండు చుక్కలు మోస్తుంది, మరొకటి నడుములో అడ్డంగా కడ్డీ దూర్చుకుని కూర్చుంటుంది. కీబోర్డు మీద వీటికి చోటు లేదు. బాబాయిగారు ‘సున్నా రెండు అయిదు తొమ్మిది’ అని కొట్టి రెండు మీటలు కలిపి నొక్కుతారు. అంకె మాయమై, అచ్చు దర్శనమిస్తుంది. ఇలాంటివి ఇరవై ఎనిమిది అంకెలు ఆయనకు కంఠతా వచ్చు. ఆరు నెలలుగా రోజూ చూస్తున్నా ఎడిటరమ్మ నోరు తెరుచుకునే చూస్తుంది. సొంత ఫోన్ నంబరు అడిగితే మాత్రం ఆయన జేబులోంచి చీటీ తీస్తారు.

చిక్కల్లా ఆ తర్వాతే. కంప్యూటర్ ఆ మాటల్ని ఎన్నడూ ఎరగదు కనుక, ప్రతిదాని కిందా తప్పు అంటూ వంకర ఎర్రగీత గీస్తుంది. బాబాయిగారు మాట మీద మౌస్ పెట్టి, కుడివైపు నొక్కి, ‘ఈ మాట నేర్చుకో’ అన్న చోట మళ్లీ నొక్కుతారు. గీత పోతుంది. ఆ తర్వాత ఇంకో మాట. అలా నాలుగు వేల మూడు వందల మాటలు. మధ్యమధ్యలో కంప్యూటర్ నెత్తి నిమిరి, శ్రద్ధగా చదువుకుంటోందని మెచ్చుకుంటారు కూడా.

ఒక్క నొక్కుతో ఆ తప్పులు పట్టే ఏర్పాటునే మూసేయొచ్చని ఎడిటరమ్మ పదిసార్లు చెప్పింది. పదకొండోసారి ఆయన తల తిప్పారు.

“మూసేస్తే గీత కనబడదమ్మా. తప్పనుకోవడం మానుతుందా?”

కంప్యూటర్ ఏమనుకుంటే మనకేమిటో ఎడిటరమ్మకు బోధపడలేదు. శుక్రవారానికి నిఘంటువు ప్రతి ప్రెస్సుకు చేరకపోతే ఈ గది వేరే విభాగానికి ఇచ్చేస్తామని, పుస్తకం మాట మరిచిపొమ్మని పైవాళ్లు రాశారు. ఇంకా నలభై మాటలు మిగిలాయి. అవి తెలిసింది పెద్దమ్మ ఒక్కదానికే. ఆ భాష మాట్లాడే ఆ ముసలావిడ రోజూ పదకొండింటికి వచ్చి, బాబాయిగారి పక్కన కూర్చుని, ఒక్కో మాట పలికి వినిపించేది. ఆయన మాత్రం ఎనిమిదింటికే వచ్చి గీతలతో కుస్తీ పట్టేవారు.

బుధవారం బాబాయిగారు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు. ఇవాళైనా పని పరుగెడుతుందని ఎడిటరమ్మ లోలోపల సంబరపడి, ఫైలు తన కంప్యూటర్‌లో తెరిచింది. నేర్పిన చదువంతా ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. ఈమెది నిరక్షరకుక్షి. ఆరు నెలల పని పేజీ పేజీనా ఎర్రబడి కూర్చుంది. ఎడిటరమ్మ అదేమీ పట్టించుకోకుండా పెద్దమ్మకు కుర్చీ జరిపింది.

పెద్దమ్మ తెర వంక చూసింది. చాలాసేపు చూసి, సంచీ భుజానికి తగిలించుకుంది.

“మా పంతులూ ఇలాగే గీసేవాడమ్మా. మీ అక్షరాల్లో మా ఇంటి మాట ఒక్కటి రాసినా కింద ఎర్రగీత, ఆపైన గుమ్మం బయట నిలబెట్టడం. మొదటి రోజు ఇక్కడా ఇదే చూసి వెళ్లిపోబోయాను. టైపు బాబు ఆపాడు. ఈ యంత్రానికి మన మాట తెలీదు, నేను నేర్పుతాలే అన్నాడు. ఇన్నాళ్లూ నేర్చుకుందనుకున్నా.”

 ఆవిడ వెళ్లాక, ఎడిటరమ్మ ఆ ఖాళీ కుర్చీని, ఆపేసి ఉన్న బాబాయిగారి కంప్యూటర్‌ని చూస్తూ ఉండిపోయింది. నాలుగు వేల మూడు వందల సార్లు మౌస్ నొక్కిన ఆ వేలికి దణ్ణం పెట్టాలనిపించింది. విసుక్కున్న పదకొండు సార్లకూ సిగ్గేసింది.

గురువారం ఆయన వచ్చేసరికి ఒక బుగ్గ బంతిలా వాచి ఉంది. మాట్లాడొద్దని డాక్టరు ఆజ్ఞ. సంగతి విని, టీ కూడా అడక్కుండా, ఎడిటరమ్మను వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికి నడిచారు. గుమ్మం ముందు నిలబడి చేతులు తిప్పుతూ ఆయన చేసిన అభినయం ఎవరికీ అర్థం కాలేదు కానీ, ఆ బుగ్గను చూసి పెద్దమ్మ కరిగింది. చెప్పులేసుకుంది.

గదిలో ఆయన తన కంప్యూటర్ తెరిచి, మొదటి పేజీ నుంచి మెల్లగా కిందికి జరిపారు. తలకిందులుగా నిలబడ్డ అచ్చులు, చుక్కల అచ్చులు, కడ్డీల అచ్చులు అన్నీ వరుసగా నడిచిపోయాయి. ఒక్క ఎర్రగీత లేదు.

“మరి నిన్నటిదో?” అంది పెద్దమ్మ.

“అది నా కంప్యూటర్ పెద్దమ్మా. దానికింకా చదువు రాలేదు” అంది ఎడిటరమ్మ.

“అయితే దాన్నీ బడిలో వెయ్యండి” అని పెద్దమ్మ సంచీ కింద పెట్టి, మిగిలిన నలభైలో మొదటి మాట పలికింది.

శుక్రవారం పొద్దున, అన్నీ పూర్తయ్యాక, ముందుమాట చివర ఎడిటరమ్మ బాబాయిగారి పేరు కొట్టింది. వెంటనే దాని కింద ఎర్రగీత పడింది.

“వదిలెయ్యమ్మా. ముప్పై ఏళ్లుగా మా ఆవిడ చెప్తున్నదే అది కూడా చెప్తోంది” అన్నారాయన, వాచిన బుగ్గతో నవ్వలేక నవ్వుతూ.

ఎడిటరమ్మ వదల్లేదు. మాట మీద మౌస్ పెట్టి, కుడివైపు నొక్కి, నేర్చుకోమంది.

“నేర్చుకుందా?” అంటూ పెద్దమ్మ తెరలోకి తొంగిచూసింది.