నాలుగో తాడు మనిషి

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ నోరు పెగలదు. "జనంలో నిలబడతాడు" అని చెప్తే నవ్వుతారు. నిజం మాత్రం అంతే. పందొమ్మిదేళ్ళుగా ఆయన పని జనంలో నిలబడటం, మా అక్క పిలిస్తే ఉలిక్కిపడటం, రానని మొరాయించటం, చివరికి రావటం.

అక్కది నిచ్చెన ఆట. పదహారు అడుగుల నిచ్చెనని దేనికీ ఆనించకుండా నిలబెడుతుంది. దాని తలకి నాలుగు తాళ్ళు కట్టి ఉంటాయి. చూడవచ్చిన వాళ్ళలోంచి నలుగుర్ని పిలిచి, నాలుగు దిక్కులా నిలబెట్టి, తలా ఒక తాడు చేతికిస్తుంది. వాళ్ళతో వేళాకోళాలాడుతూ పైకెక్కి, కొసన కూర్చుని బూర ఊదుతుంది. ఆ ఊదటం ఎంత ఘోరంగా ఉంటుందంటే, ఆటలో అన్నిటికన్నా పెద్ద నవ్వు దానికే. నేను బట్టలు కుడతాను, పెట్టెలు మోస్తాను, టేపు మీట నొక్కుతాను, అందరి మీదా విసుక్కుంటాను.

ఆ నలుగురిలో ముగ్గురు నిజంగానే బయటివాళ్ళు. నాలుగోవాడు మా బావ. ఆయనది పిరికివాడి వేషం. తాడు ముట్టుకోగానే తుమ్ముతాడు. "ఇది తెగితే కేసు నా మీద పెడతారా అండీ?" అని అడుగుతాడు. అక్క సగం ఎక్కేసరికి ఆయన ఫోన్ మోగుతుంది, ఒంటిచేత్తో జేబులు తడుముకుంటాడు. జనం కడుపులు పట్టుకుంటారు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, నిచ్చెన ఎటు ఒరిగినా ముందు సర్దేది ఆ తుమ్ముల మనిషి తాడే. అక్క ప్రాణం ముప్పాతిక వంతు ఆయన చేతిలోనే ఉంటుంది.

మాకొక నియమం ఉంది. ఆట రోజున మైదానంలో కాలు పెట్టిన దగ్గర్నుంచీ ఆట ముగిసేదాకా బావ మాకేమీ కాడు. వేరే గేటు నుంచి వస్తాడు, వేరే చోట టీ తాగుతాడు. ఎదురుపడినా పలకరింపుల్లేవు. ఒకసారి పొరపాటున నా కాలు తొక్కి "సారీ మేడమ్" అన్నాడు. ఆ మర్యాద ఇంట్లో ఏనాడూ చూడలేదు. ఇక అక్క ఆయన్ని పిలిచే పిలుపు "ఓ అన్నయ్యా, మిమ్మల్నే, ఇలా రండి" అని. మొదటిసారి అది విన్నప్పుడు మా అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడి ఇంకా పాడుచేసింది. "కట్టుకున్నవాణ్ణి పట్టుకుని అన్నయ్యా అంటావా, నీ నోరు పడిపోను!"

బావ అంతకుముందు చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని పొద్దస్తమానం జనం పాదాలకి కొలతలు చూసేవాడు. ఒక సెలవు రోజు ఆట చూడవచ్చి, నిజంగా బయటివాడిగానే అక్క కంట పడ్డాడు. ఆ రోజు తుమ్మూ నిజమే, వణుకూ నిజమే. తాడు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆట అయ్యాక ఆయన వేళ్ళు విడదీయటానికి నేను వెళ్ళాల్సి వచ్చింది. మర్నాడు పక్క ఊరి ఆటలోనూ ముందు వరసలో తేలాడు. నాలుగో ఊరికల్లా ఆయన ఎందుకొస్తున్నాడో అందరికీ అర్థమైపోయింది, అక్కకి తప్ప. "పాపం, ఆయనకి మన నిచ్చెనంటే ఎంత ఇష్టమో" అంది. తెలివంటే మా అక్కదే.

ఈ సంవత్సరం మాకు పెద్ద సంగీతోత్సవంలో చోటు దొరికింది. మూడు రోజులు, ఏడు వేదికలు, కనుచూపు మేర గుడారాలు, మోకాలి బూట్లు మునిగేంత బురద. రెండు పెద్ద వేదికల నడుమ ఉన్న గడ్డి మైదానాన్ని మాలాంటి వాళ్ళకి వదిలారు. కర్రకాళ్ళాయన, నిప్పు మింగే దంపతులు, మూగాట ఆడే ముసలాయన, మేము. ఒక బ్యాండు దిగి ఇంకో బ్యాండు ఎక్కేలోపు సామాన్లు మార్చటానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలే మావి. పెద్ద వేదిక మీద డ్రమ్ము ఒక్కసారి ధన్‌మన్నదంటే మా జనం అటు పరిగెత్తుతారు.

అసలు చిక్కు ఉత్సవానికి వారం ముందే వచ్చింది. ఎవరో పనిలేని మహానుభావుడు ఐదు ఊళ్ళ ఆటల్ని ఒక్క వీడియోగా అతికించి ఫోన్లలో వదిలాడు. ఐదు చోట్లా అదే మనిషి, అదే తుమ్ము, అదే "కేసు నా మీద పెడతారా అండీ". పైన పేరు కూడా పెట్టాడు: "ఈయన ఖర్మ చూడండి, ఏ ఊరెళ్ళినా ఈయన్నే పిలుస్తారు!" లక్షలమంది చూశారు. మా అమ్మ కూడా చూసి, బాగా వచ్చాడని మెచ్చుకుంది.

మొదటి రోజు ఆటలో అక్క ఇంకా "ఎవరొస్తారు?" అనలేదు, వెయ్యి వేళ్ళు బావ వైపు తిరిగాయి. బావ వెనక్కి తిరిగి చూశాడు, వేళ్ళు చూపించేది ఇంకెవరినో అన్నట్టు. "ఇప్పుడు తుమ్ముతాడు చూడు" అన్నారెవరో. ఆయన పాపం తుమ్మాడు. "ఇప్పుడు ఫోన్ మోగుద్ది!" మోగింది. మేం నవ్వించకముందే జనం నవ్వేస్తుంటే ఆటలో ఇంకేం మిగులుతుంది? అక్క బూర ఊదే వేళకి సగం మైదానం ఖాళీ.

ఉత్సవంలో కార్యక్రమాలు చూసుకునే అమ్మాయి వాకీటాకీ ఊపుకుంటూ మా గుడారానికి వచ్చింది. మంచి పిల్లే. "మేడమ్, ఆయన్ని అందరూ గుర్తుపట్టేస్తున్నారు కదా... కొంచెం ఆలోచించండి" అని నేల చూస్తూ చెప్పి వెళ్ళిపోయింది.

అక్క ఎక్కువసేపు ఆలోచించలేదు. దానికి ఆలోచన నోటితో పాటే వస్తుంది.

"ఏమండీ, రేపు నలుగుర్నీ బయటివాళ్ళనే తీసుకుంటాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

బావ నిచ్చెన మరలకి నూనె పూస్తున్నాడు. "రేపొక్కరోజేనా?" అన్నాడు.

"ఇక మీదట కూడా. మొహం తెలిసిపోయాక ఏం చేస్తాం? మనుషుల్ని ఎంచుకోవటం నాకేం కొత్త కాదుగా. పందొమ్మిదేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు తాడు వదిలాడా? చూడగానే మనిషి నాకిట్టే తెలిసిపోతాడు."

"అదీ నిజమే" అన్నాడు బావ. నూనె పూసిన చోటే మళ్ళీ నూనె పూశాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఇంకో పని మర్చిపోయిన మనిషి, ఆ రాత్రి నాతో ఒక్క జోకు కూడా వెయ్యలేదు. నాకు అక్క మీద ఒళ్ళు మండింది. కానీ అది చెప్పినదాంట్లో తప్పేం కనబడలేదు, అందుకని ఇంకా మండింది.

రెండో రోజు మధ్యాహ్నం అక్క తన కంటికి ఇట్టే తెలిసే మనుషుల్ని ఎంచుకుంది. తూర్పున కండలు తిరిగిన వస్తాదు. పడమట ఆకుపచ్చ బూట్ల కుర్రాడు, చురుగ్గా గెంతుతున్నాడు. తక్కిన వైపుల ఆరడుగుల అన్నదమ్ములిద్దరు. చూడటానికి కోటకి కాపలా పెట్టినట్టుంది. జనం కూడా బావ లేడని తెలిసి, ఇప్పుడేమవుతుందోనని కుదురుగా చూస్తున్నారు. ఆట పుంజుకుంది.

అక్క ఆరో మెట్టు మీద ఉండగా ఎవరో నా మోచెయ్యి తట్టారు. బావ!

"మరదలా, ఆ ఆకుపచ్చ బూట్ల వాణ్ణి మార్చమను. వస్తాదుని లాగొద్దని చెప్పు."

ఆట నడుస్తుండగా బావ నాతో మాట్లాడటం పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. నేనేం చెయ్యాలి? తెలివున్నదైతే వినేది. నేను మాత్రం నియమం గల మనిషిని కదా, చుట్టూ చూసి, మొహం మాడ్చుకుని, "మీరెవరో నాకు తెలీదు. సున్నం గీత అవతలికి వెళ్ళి జనంలో నిలబడండి" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, వెళ్ళాడు. ఆ చూపు తల్చుకుంటే నాకిప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అక్క కొసకి చేరింది. సంచిలోంచి బూర తీసింది. సరిగ్గా అప్పుడే పెద్ద వేదిక మీద డ్రమ్ము ధన్‌మంది, చెప్పిన వేళకి పది నిమిషాల ముందు. ఆకుపచ్చ బూట్లు అటు తిరిగాయి. తాడు వదల్లేదు వాడు, పట్టుకున్న సంగతి మర్చిపోయాడంతే. పడమటి తాడు వేలాడిపోయింది. ఎదుటి వస్తాదు గాభరాపడి, బలమున్నవాడు చేసే పనే చేశాడు, శక్తికొద్దీ లాగాడు. నిచ్చెన తూర్పుకి ఒరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ!"

అక్క కేక అది. డ్రమ్ముని మించి వినబడింది.

బావ అప్పటికే గీత దాటేశాడు. ఆయన అంత వేగంగా కదలటం నేనెప్పుడూ చూడలేదు, బస్సు వెళ్ళిపోతున్నప్పుడు కూడా. కుర్రాడి చేతిలోంచి తాడు అందుకుని, మడమలు బురదలో దిగేసి, వెనక్కి వాలాడు. తాడు అరచేతుల్లోంచి జర్రున జారి, ఆగింది. "వస్తాదు బాబూ, లాగకు! బెత్తెడు వదులు! ఇంకో బెత్తెడు! ఆఁ, అలా ఉండు. అన్నదమ్ములూ, మీరు కదలకండి, మీరు బంగారాలు." తుమ్ము లేదు, వణుకు లేదు. మా అమ్మ కూడా గుర్తుపట్టేది కాదు. నిచ్చెన వచ్చి నిటారుగా నిలబడింది.

జనంలోంచి ఒక పెద్దావిడ గట్టిగా, "ఆయన ఆవిడ మొగుడే!" అంది. అంతే, ఇక ఆగలేదు. పగలబడి నవ్వారు, ఈలలు వేశారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఇదంతా ఆటేననుకున్నారు. పైన అక్క బూర నోటికి పెట్టుకుంది గానీ గాలి తప్ప కూత రాలేదు. దానికి ఇంకా నవ్వారు. పెద్ద వేదిక మీద పాట మొదలైనా ఒక్కళ్ళూ కదల్లేదు. మా బతుకులో అంత గొప్పగా పండిన ఆట ఇంకొకటి లేదు. ఎదుటివాళ్ళ ప్రాణసంకటం మీద అంత బాగా నవ్వగలరని నాకూ అప్పుడే తెలిసింది.

గుడారంలోకి రాగానే వాకీటాకీ అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. "మేడమ్! ఆ పడిపోబోయే ముక్క అద్భుతం! రేపు కూడా అదే పెట్టండి!" నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను. ఆ పిల్ల మాత్రం వెళ్ళిపోయింది.

అక్క పెట్టె మీద కూర్చుంది. బావ చేతులు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని మందు రాస్తోంది. చర్మం లేచిపోయింది. రాస్తూనే గట్టిగా తిడుతోంది. "ఒట్టి చేతుల్తో తాడు జారనిస్తారా ఎవరైనా? పందొమ్మిదేళ్ళు నేర్చుకున్నదిదేనా?"

"తప్పు నాది" అన్నాను నేను. "బావ ముందే చెప్పాడు. నేనే తరిమేశాను." అనేసి ఏడ్చాను.

అక్క రాయటం ఆపింది. "ముందే చెప్పారా? మీకెలా తెలుసు?"

బావ ఇబ్బందిగా కదిలాడు. "కాళ్ళు చూశాను. వాడు ఒంటికాలి మీద బరువేసి నిలబడతాడు. అలాంటివాడి మనసు రెండో కాలి మీద ఇంకెక్కడికో పోతుంటుంది. ఇక వస్తాదు మునివేళ్ళ మీద ఉన్నాడు. లాగటం తప్ప తెలీదు. తాడు పట్టుకోవటానికి బలం అక్కర్లేదు, కాస్త భయం ఉండాలి."

"మరి ఇన్నాళ్ళూ నేనెంచుకున్నవాళ్ళు..."

అక్క మొహంలో సంగతి మెల్లిగా వెలుగుతుంటే నేను చూశాను.

"మీరు గంట ముందే వచ్చి జనంలో తిరిగేది..." అంది.

"మంచి కాళ్ళున్నవాళ్ళు కనపడితే వాళ్ళ మధ్యన చేరేవాణ్ణి. నువ్వు నన్ను వెతుక్కుంటావు. నేను కనపడగానే ఎవరికీ అనుమానం రాకూడదని ముందు నా పక్కవాళ్ళని పిలుస్తావు. నన్ను ఆఖర్న పిలుస్తావు."

చూడగానే మనిషి ఇట్టే తెలిసిపోయే మా అక్కకి నోట మాట లేదు. అది దాని జీవితంలో మొదటిసారి కాబట్టి నేను కూడా ఏడుపు ఆపి చూశాను.

"పందొమ్మిదేళ్ళు" అంది చివరికి. "ఒక్క మాట చెప్పలేకపోయారా? నేనే చూసుకునేదాన్ని కదా."

"అందుకే చెప్పలేదు. చెప్తే నువ్వు వాళ్ళ కాళ్ళు చూసేదానివి" అన్నాడు బావ. "అంతమందిలో నాకోసం వెతకటం మానేసేదానివి."

అక్క ఆయన చేతులకి గుడ్డ చుట్టింది. రెండో చెయ్యి కట్టటానికి చాలాసేపు పట్టింది, ముడి కనపడక మూడుసార్లు విప్పింది. తర్వాత ముక్కు ఎగపీల్చి, ఎప్పటి గొంతుతోనే అంది.

"రేపు మూడింటికి ఆట. ఎక్కడ నిలబడతారో నాకు చెప్పకండి. వెతుక్కుంటాను."