సంధ్య మీద నేను రాసిన కౌంటర్ కేసు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరూ దాన్ని నా నెత్తిన పెట్టలేదు, నేనే రాసి నేనే ఎత్తుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. డిపార్ట్‌మెంట్‌లో చెప్పలేదు. చెప్పబోయి ఆగిపోయిన సందర్భాలు మాత్రం బోలెడు. ఇక నా వల్ల కాదు. వినండి, మధ్యలో జాలి పడకండి.

నేను పల్నాడులో హెడ్ కానిస్టేబుల్ని. ఏ స్టేషనో అడగొద్దు. చాలాకాలం స్టేషన్ రైటర్‌గా చేశాను. అంటే, ఏడుస్తూ వచ్చినవాళ్ళ మాటల్ని కేసు భాషలోకి మార్చడం నా పని. మా ఊళ్ళలో రెండు పార్టీలుంటాయి. ఈ పార్టీవాడు ఆ పార్టీవాడి మీద కేసు పెడితే, సాయంత్రానికల్లా అవతలివాళ్ళ చేత ఒక కౌంటర్ కేసు పెట్టిస్తాం. అది జరిగిందా లేదా అన్నది తర్వాతి మాట. ఇద్దరి మెడ మీదా కత్తి ఉంటే ఇద్దరూ దారికొస్తారు, కొన్నాళ్ళకి లోక్ అదాలత్‌లో రాజీ పడతారు, ఊళ్ళో ఇంకో తల పగలదు. ఇది ఏ చట్టంలోనూ లేదు. కానీ మా బండి నడిచింది దీనిమీదే. ఈ పనిలో నాకు మంచి పేరు కూడా ఉంది. పేరు! తల్చుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

సంధ్య ట్రాన్స్‌జెండర్ మహిళ. ప్రభుత్వం ఇప్పించిన రుణంతో బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. ఎదురుగా ఒక లారీ ఆఫీసు. ఆ ఆఫీసు తెరిచిన రోజు ఓనరు కొడుకులే ఆమెను పిలిపించి గుమ్మడికాయతో దిష్టి తీయించుకున్నారు, చీర కూడా పెట్టారు. అదే మనిషి దిష్టి తీసి వెళ్ళిపోకుండా తమ ఎదురుగా నిలబడి ఇడ్లీలు అమ్ముకుంటుంటే మాత్రం ఓర్వలేకపోయారు. "ఇట్టాంటిదాని చేతి తిండి తినే ఖర్మేందిరా మనకి" అంటూ ఒక పొద్దున బండి తిరగేశారు. జుట్టు పట్టుకుని ఈడ్చారు, చీర లాగారు, చెయ్యి విరగ్గొట్టారు. బస్టాండు బస్టాండంతా చూసింది. చూసి బస్సెక్కింది.

ఆమె విరిగిన చేత్తో నేరుగా స్టేషన్‌కే వచ్చింది. అప్పటికే ట్రాన్స్‌జెండర్ల రక్షణకు చట్టం వచ్చింది. వాళ్ళ మీద దాడి చేస్తే ఏ సెక్షన్లు పెట్టాలో చెప్పే సర్క్యులర్‌ను రోల్‌కాల్‌లో అందరికీ చదివి వినిపించింది నేనే. చదివాను, మడిచాను, బీరువాలో పడేశాను. అంతకంటే ఇంకేం చేస్తాం మేము!

ఆమె ఫిర్యాదు తీసుకున్నాను. అక్కడిదాకా బాగానే ఉంది. కాసేపటికే ఓనరు తరఫువాళ్ళు వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నా జేబులో ఏమీ పెట్టలేదు. అలా జరిగుంటే ఈ రోజు చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. అలవాటు కొద్దీ నా నోరే అంది, మీ వైపు నుంచి కూడా ఒకటి పడాలని. ఏం రాయించాలో వాళ్ళకు తోచలేదు. గొలుసు ఆలోచన నాది. డబ్బులడిగిందని, ఇవ్వనంటే ఓనరు చిన్న కొడుకు మెడలో గొలుసు తెంపుకుని పరుగెత్తిందని, ఆ పెనుగులాటలో కిందపడి చెయ్యి విరిగిందని రాశాను. అందరూ నమ్ముతారని నాకు తెలుసు. ఎలా తెలుసు? ఎవరో వచ్చి అదే కథ చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాబట్టి.

కట్టు కట్టించుకుని వచ్చిన సంధ్యకు విషయం చెప్పాను. మెల్లగానే చెప్పాను, మేలు చేస్తున్నవాడిలా.

"చూడమ్మా, రెండు వైపులా కేసులు పడ్డయ్. ఇద్దరూ ఎనక్కి తీసుకుంటే సరిపోద్ది. రాజీ పడితే నీకే మంచిది."

"రాజీ ఏంది సార్? ఆళ్ళు నన్ను కొట్టారు. నేనేం చేశా?"

"ఇక్కడ అందరూ ఇట్టాగే చేస్తారమ్మా. ఏ పార్టీవాళ్ళయినా అంతే."

"ఆళ్ళకి పార్టీ ఉంది, ఎనకాల చానామంది ఉన్నారు. నాకు యాడుంది సార్ పార్టీ? మా అమ్మే నన్ను గడప తొక్కనియ్యదు."

ఆలోచించుకోమన్నాను. ఏం ఆలోచించుకుంటుంది పాపం? ఇద్దరు సమఉజ్జీల మధ్య వాడే ఎత్తుగడను ఒంటరి మనిషి మీద వాడుతున్నానని నాకు ఆ క్షణంలో తట్టలేదా? తట్టింది. అదే అసలు బాధ. తట్టినా కాగితం చింపలేదు, ఎందుకంటే అప్పటికే భోజనం వేళ దాటిపోయింది, నాకు విసుగ్గా ఉంది. ఒక మనిషి బతుకు పాడుచేయడానికి అంతకంటే పెద్ద కారణం నాకు అవసరం రాలేదు. కోర్టు చుట్టూ తిరగలేక సంధ్య కొన్నాళ్ళకు రాజీ సంతకం పెట్టింది. బండి మళ్ళీ పెట్టలేదు.

తర్వాత నన్ను ట్రాన్స్‌జెండర్ల రక్షణ విభాగంలో వేశారు. నన్ను! కాలేజీలకు పంపారు. మైకు పట్టుకుని ద్వేషంతో చేసే దాడులకు ఏ శిక్షలున్నాయో గడగడా చెప్పేవాణ్ణి, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు, ప్రిన్సిపాల్ శాలువా కప్పేవాడు. ఒక్కరైనా లేచి, నువ్వేం చేశావయ్యా అని అడిగితే బాగుండేది. ఎవరడుగుతారు? ఎంతసేపూ ఫొటోల గొడవే.

ఈ ఏడు ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ డ్యూటీలోకి తీసుకుంటామంది. సంధ్య దరఖాస్తు పెట్టుకుంది, పరుగులో నెగ్గింది, రాత పరీక్ష నెగ్గింది. నెలనెలా జీతం, సొంతంగా ఒక గది అద్దెకు తీసుకోవచ్చని ఆశ పడింది. చివర్లో పాత కేసులు ఆరా తీశారు. దొంగతనం కేసు, రాజీలో కొట్టివేత అని తేలింది. పేరు తీసేశారు. ఎందుకు తీసేశారో అడగడానికి ఆమె ఎక్కడికొచ్చిందనుకున్నారు? నా విభాగానికే. నా ముందుకే. నేను ఏమన్నానో తెలుసా? "రూల్సు అంతేనమ్మా" అన్నాను. ఛీ!

ఆమె వెళ్ళిపోయింది. నాకు మాత్రం అన్నం సహించలేదు. రెండు రోజులు చూసి ఆమె ఉండే చోటికి వెళ్ళి, ఆ ఫిర్యాదు ఎవరు అల్లారో మొత్తం చెప్పాను. సంధ్య వాకిట్లో నిలబడే విన్నది.

"నేను దొంగతనం చెయ్యలేదని నాకు తెలుసు గదా సార్. నాకు చెప్తే ఏమొచ్చుద్ది? తెలీనోళ్ళకి చెప్పు పో" అని తలుపేసుకుంది.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇంత సిగ్గు చంపుకుని వస్తే తలుపేసుకుంటుందా అని. చూశారా నా బుద్ధి? దారంతా ఆమె మీద విసుక్కుంటూనే ఇంటికొచ్చాను. తెల్లారాక గానీ ఆ పొగరు దిగలేదు.

జరిగిందంతా పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చాను. "రిటైరయ్యే ముందు ఇదేం పిచ్చయ్యా నీకు" అని ఆయన తల పట్టుకున్నాడు. మెమో వస్తుందట. రానీ. ఆమె పేరు మళ్ళీ చేరుస్తారా అంటే మాత్రం ఎవరూ సూటిగా చెప్పడం లేదు. ఖాళీలు నిండిపోయాయంటున్నారు. ఆమె నన్ను క్షమించదు, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా ఇది రాస్తుంటే, చాలాకాలం తర్వాత ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

తెలియనివాళ్ళలో మీరూ ఉన్నారు కాబట్టి మీకూ చెబుతున్నాను. సంధ్య ఎవరి గొలుసూ తెంపలేదు. ఆ రోజు ఆ కుర్రాడి మెడలో అసలు గొలుసే లేదు.