పరీక్షనాటి కల్లం

కంటికి శుక్లం తీయించుకుని వారమైంది. పొద్దున్నే కోడలు చుక్కల మందు వేస్తుంది. మందు పడగానే కన్ను భగ్గుమంటుంది. "మంటగా ఉందా మావయ్యా?" అని అడుగుతుంది. "ఇదీ ఒక మంటేనా?" అంటాను. ఆ మాట నేను ఎప్పుడో పోయిన సుబ్బారాయుడు గారితో అంటున్నానని పాపం ఆ పిల్లకు తెలియదు.

సుబ్బారాయుడు గారు పర్చూరు దగ్గర మా ఊళ్ళో మిరప, పత్తి వేసే పెద్ద రైతు. నేను ఆయన పాలేరుని. ఎనభైల్లో మాట. పగలు ఆయన చేలో పని చేస్తూనే మెట్రిక్కు, ఇంటరు, డిగ్రీ అన్నీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఇక లా కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలనుకున్నాను. మా పల్లెలో ఎవరికి అన్యాయం జరిగినా కోర్టు గుమ్మం దాకా పోయి, మాట పెగలక తిరిగొచ్చేవాళ్ళు. మాట పెగిలేవాడు ఒక్కడైనా ఉండాలని నా పట్టుదల. చదువు చెప్పేవాళ్ళు లేరు. గుంటూరులో పాత పుస్తకాల కొట్లో కొన్న గైడొక్కటే గురువు. ఆ గైడుకు వెనక పేజీలు లేవు. జవాబులుండే పేజీలే అవి. మోటారు షెడ్డు గోడ మీద బొగ్గుతో జవాబులు రాసుకునేవాణ్ణి. అవి ఒప్పో తప్పో చెప్పే దిక్కు లేదు.

ఆ దిక్కు సుబ్బారాయుడు గారే అయ్యారు. ఆయన పేరుమోసిన కోర్టు పక్షి. గట్టు తగాదా లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. వాయిదాలకు కాయితాల సంచి మొయ్యడానికి నన్ను వెంట తీసుకెళ్ళేవారు. గోడ మీది రాతలు చూసి ఒకరోజు నవ్వారు.

"ఏరా దావీదూ, ప్లీడరీ చదువుతావా?"

"చదవాలనుందండీ."

"అయితే చెప్పు. నీ మేక నా పత్తి మేసింది. నీ తరఫున వాదించు."

తోచింది చెప్పాను. అంతా విని, "బానే ఉంది. ఇప్పుడు పత్తి నీది, మేక నాది. వాదించు," అన్నారు. నేను తెల్లమొహం వేశాను. "అవతలివాడు ఏమంటాడో ముందు నువ్వే అనుకోవాల్రా. అది రానోడికి నల్లకోటు ఎందుకు?" అన్నారు. అప్పటి నుంచి చేలో, బండి మీద, బస్టాండులో అదే ఆట. మాటల్లో నాకు ఎన్ని ఎకరాల పత్తి ఇచ్చారో లెక్కలేదు. పరీక్షలో ఒక నియమం చెప్పి, ఒక తగాదా చెప్పి, తీర్పేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలు నాకు నీళ్ళప్రాయం అయ్యాయి. అది ఆయన పెట్టిన భిక్షే. కాదనను. కాదనలేకపోవడమే నా బాధ.

పరీక్ష గుంటూరులో. తెల్లవారి మొదటి బస్సుకు పోవాలి. చలవ చొక్కా వేసుకుని, చెప్పి పోదామని ఆయనింటికి వెళ్ళాను. తూర్పున మబ్బు పట్టింది. కల్లం నిండా చివరికోత మిరప ఆరబోసి ఉంది.

"వానొచ్చేట్టుందిరా. కుప్పచేసి పట్ట కప్పేసి పో."

"బస్సుకి టైమవుతోందండీ."

"రెండో బస్సుందిగా."

ఆయన పెద్దకొడుకు అరుగు మీద పళ్ళు తోముకుంటూ చూస్తున్నాడు. వాణ్ణి రమ్మనలేదు. రెండు చేతులా మిరప ఎత్తి కుప్పచేశాను. కల్లం పని అయ్యాక నూనె పట్టించి కడుక్కుంటేగాని చేతుల ఘాటు పోదు. ఆ తొందరలో సబ్బుతో రుద్దుకుని పరుగెత్తాను. గుంటూరు చేరినా చుక్క వాన పడలేదు.

హాల్లో ఉక్కపోత. పేపరు ధ్యాసలో పడి కంటి మీది చెమట చేత్తో తుడుచుకున్నాను. కన్ను భగ్గుమంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కల్లంలో చెయ్యి కంటికి తగలనివ్వని వాణ్ణి, ఆ ఒక్కరోజు మరిచాను. నీళ్ళడిగి కడుక్కుంటే, అదే చెయ్యి కదా, రెండో కన్నూ అంటుకుంది. పర్యవేక్షకుడు వచ్చి, "ఏంటయ్యా, పేపరు మరీ అంత కష్టంగా ఇచ్చారా? ఏడుస్తున్నావు," అన్నాడు. చుట్టూ నవ్వారు. నాకు నీళ్ళప్రాయమైన ప్రశ్నలు కళ్ళ ముందే ఉన్నాయి. చదవడానికి కళ్ళు లేవు.

ఫలితాల్లో నా నంబరు లేదు. ఆయనకు చెప్పాను.

"మళ్ళీ ఏడు రాద్దువులే. పరీక్ష ఏటా వస్తది. తడిసిన కాయకు రంగు తిరిగొస్తదా?"

"వాన రాలేదు కదండీ."

"వస్తే?"

ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పలేకపోయాను. వాదన నేర్పింది ఆయనే మరి. మరుసటి ఏడు నాన్న మంచాన పడ్డాడు. ఇంటిల్లిపాది కూడు నా చేతుల మీద పడింది. మళ్ళీ రాయలేదు. ఆ తర్వాత ఊరంతా నన్ను "లాయరు దావీదు" అని పిలిచింది, వెక్కిరింతకే.

ఇప్పటికీ మా పల్లెలో ఏ పిల్లకు పరీక్షున్నా ముందురోజే ఆ ఇంటికి వెళ్ళి చెబుతాను: "రేపు దీన్ని పనికి పంపొద్దు. దాని బదులు నేను పోతా." ఈ వయసులోనూ పోతాను. నిరుడు ఒక రైతు, "నువ్వెందుకు తాతా, ఆ పిల్ల గంటసేపు వచ్చిపోతే సరిపోద్దిగా," అన్నాడు. నేను కల్లంలోకి దిగాను. పల్లెలో దీన్ని నా మంచితనం అనుకుంటారు. అది కోపం. ఎండలో వంగి మిరప ఎత్తుతుంటే నడుం విరిగిపోతుంది, కోపం మాత్రం చల్లారదు. చల్లారితే ఆ రోజు పరీక్షకు పోయే పిల్ల బదులు కల్లానికి పోయేవాడు ఉండడు.