రూతు సాక్ష్యం

మా మేనకోడలు జెస్సీ మంచం పక్కన గోడకి ఒక అట్ట అంటించి ఉంటుంది. దానిమీద వరసగా బొమ్మ మొహాలు, నవ్వే మొహంతో మొదలై కన్నీళ్లు కారే మొహంతో ముగుస్తాయి. వంకర తిరిగిన వెన్నెముకకి కలకత్తాలో ఆపరేషన్ చేయించుకుని, పోయిన నెలలో సుభాష్‌పల్లిలోని ఇంటికి వచ్చిన ఆ పద్నాలుగేళ్ల పిల్ల, తన నొప్పి ఏ మొహంలో ఉందో వేలు పెట్టి చూపిస్తే చాలు, ఇంట్లో ఎవరూ మారు ప్రశ్న వేయరు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకి మందు వేయాలని, ఆ తర్వాత మెల్లగా తగ్గించాలని నర్సు చెప్పి పంపింది. ఆ అట్ట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జెస్సీ మీద కాదు. అదే వంకర వాళ్లమ్మకి, అంటే నా చెల్లెలు రూతుకి వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక్క మొహమే చెల్లింది.

మా తెలుగు చర్చిలో ఏటా ఎవరో ఒకరు ఆ కథ తవ్వుతారు. 'ఏడవని గుంట' అని దానికి పేరు కూడా పెట్టారు. గుంట అంటే మావాళ్ల మాటలో చిన్నపిల్ల. మొన్న ఒక పెద్దాయన లేచి, వీపులో ఇనప కడ్డీ పెట్టుకుని పన్నెండేళ్ల పిల్ల నొప్పి లేదని సాక్ష్యం చెప్పిందనీ, ఈ కాలం పిల్లలకి ఆ విశ్వాసం ఏదనీ అడిగాడు. ఆ సమయానికి రూతు ఇంట్లో జెస్సీకి ఒళ్లు తుడుస్తోంది. ముందు వరసలో ఉన్న నేను లేచి ఆయన నోరు మూయించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రైల్వే పనికి బెంగాల్ వలస వచ్చిన తెలుగువాళ్లం మేము. వర్క్‌షాపు సైరను మోగితే లేచి, మోగితే తిని, మోగితే చదువుకునే ఇళ్లు మావి. డిసెంబరు వచ్చిందంటే ఖరిదా బజారంతా కొత్త ఖర్జూరపు బెల్లం వాసన, క్వార్టర్ల వెనక బొగ్గు కుంపట్ల పొగ, అమ్మ కజ్జికాయలకి కొబ్బరి కోరుతుంటే మేము దొంగిలించిన గుప్పెళ్లు, బెంగాలీ పిల్లలతో చీకటి పడేదాకా గోళీలాట, చేతుల గ్రీజు ఎంత రుద్దినా పోని నాన్న పక్కన కూర్చుని పాడిన క్రిస్మస్ పాటలు. నాన్న ఫిట్టరు. చేతులు తుడుచుకునే గుడ్డపీలిక కూడా వర్క్‌షాపు నుంచి ఇంటికి తేని మనిషి. అబద్ధమంటే ఆయనకి అసహ్యం. చిన్నతనం గురించి రాసేవాళ్లు ఇక్కడితో ఆపి కళ్లు తుడుచుకుంటారు. నేను ఆపను.

రూతుని ఆపరేషన్ చేయించి తెచ్చినప్పుడు చంకల నుంచి తుంటి దాకా ప్లాస్టర్ కట్టు ఉంది. అడిగినా అడక్కపోయినా వేళకి మాత్ర వేయమని డాక్టరు చెప్పాడు. వేసినన్నాళ్లూ రూతు రూతులాగే ఉంది. కజ్జికాయల అంచులు కొరికి పారేసేది, గోళీల్లో దొంగాట ఆడతానని నన్ను తిట్టేది.

దేవుడి మేలు పొందిన ఇంట్లో శుక్రవారం ప్రార్థన పెట్టుకోవడం, మేలు పొందిన మనిషి లేచి సాక్ష్యం చెప్పడం మా వాళ్ల ఆచారం. క్రిస్మస్ ముందు శుక్రవారం మా ఇంట్లో అని నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆయనకి అనుమానం పట్టుకుంది.

"మాత్రలేసుకుని, దేవుడు నొప్పి తీసీసినాడని సెప్తే అది దొంగ సాక్ష్యం రా. నిజం సెప్పాలంటే మాత్ర ఉండకూడదు," అని మాత్రల డబ్బా దాచమని నా చేతికిచ్చాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. అమ్మ ఏదో అనబోయి, ఆయన చూపు చూసి మళ్లీ కొబ్బరి మీద పడింది. అబద్ధం చెప్పకూడదని పిల్ల మందు ఆపిన నిజాయితీ అది. అంత క్రూరమైన నిజాయితీని నేను మళ్లీ చూడలేదు.

శుక్రవారం సాయంత్రానికి ఆ చలిలో రూతుకి చెమటలు కారుతున్నాయి. ప్లాస్టర్ గీకి గీకి గోళ్ల నిండా తెల్లపొడి. పక్క గదిలో చాపలు పరిచారు, పకోడీలు వేగుతున్నాయి, ఎవరో పాట ఎత్తుకున్నారు.

"అన్నయ్యా, ఒక్కటియ్యి," అంది.

నాకు విశ్వాసం పొంగి పొర్లలేదు. నా చెల్లెలికి జరిగిన అద్భుతం గురించి తోటి కుర్రాళ్ల దగ్గర అప్పటికే గొప్పలు చెప్పుకుని ఉన్నాను. అది పోతుందని భయం.

"ముందు నొప్పి నేదని సెప్పీ. అందరూ ఎల్లగానే ఇచ్చీస్తాను. ఏడిసినావంటే సాక్ష్యం అబద్ధమైపోద్ది."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క పట్టుకుని నిలబెడితే, గోడ వైపు చూస్తూ రూతు నొప్పి నేదు అంది. అంతే. హల్లెలూయాలతో ఇల్లు దద్దరిల్లింది. తర్వాత అందరూ పకోడీలు తిన్నారు, ఇంకొంచెం టీ అడిగారు. పిల్ల కూర్చోలేకపోతోందని ఒక్కరికీ కనబడలేదు.

జనం వెళ్లగానే నాన్న నా దగ్గర డబ్బా అడిగి తీసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, సంతోషంతో. "ఇంక ఈటితో పనేటి," అని పెరటి కాలవలో మాత్రలన్నీ కుమ్మరించాడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. సాక్ష్యం నేను కొన్నదని తెలుస్తుందని చెప్పలేదు. మంచం మీంచి రూతు నన్నే చూస్తోంది. ఆ తర్వాత వారాల తరబడి దుప్పటి నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడవలేదన్నది నిజమే. ఏడవకూడదని చెప్పినవాణ్ణి నేను.

ఇప్పుడు నాన్న లేడు. ఆ క్వార్టరు కూల్చేశారు, పెరటి కాలవ మీద సిమెంటు పలకలు పరిచారు. గోళీలాడే పిల్లలు లేరు. బొగ్గు పొగ లేదు, దానికి నాకు బెంగ కూడా లేదు. పోవలసిన కథ ఒక్కటే మిగిలింది. ఇది రాయనా అని అడిగితే రూతు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "రాయి. నాన్ననొక్కడినే తిట్టీసి తప్పించుకోకు," అంది.

నిన్న నేను జెస్సీ దగ్గర కూర్చుని ఉండగా మందు వేళకి పెట్టిన అలారం ఫోనులో మోగింది. "మావయ్యా, మూడో మొహం," అంది జెస్సీ. నా చెయ్యి మాత్రల మీదికి వెళ్లింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ రూతు వచ్చింది.

"నువ్వు ముట్టుకోకు," అంది.

మాత్ర తనే తీసి కూతురి నోట్లో వేసింది. నీళ్ల గ్లాసు మాత్రం నా చేతికిచ్చింది. జెస్సీ తాగేదాకా పట్టుకున్నాను.